ఒక రోజు పని, వారం రోజుల మంచం: క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ కథ

బీపీ, షుగరు, మోకాళ్ళ నొప్పులు, నిద్రలేమి, దిగులు... ఏ ఇబ్బందితో వెళ్ళినా డాక్టరు చివర్లో చెప్పే మాట ఒకటుంటుంది: రోజూ కాసేపు నడవండి. చాలా జబ్బులకు అది మంచి సలహాయే. ఆ సలహాను బుద్ధిగా పాటించినందుకే రోగి మంచం పట్టే జబ్బు కూడా ఒకటుంది. దాని పేరు క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్. మయాల్జిక్ ఎన్సెఫలోమైలైటిస్ అనే పాత పేరును కూడా కలిపి వైద్యులు దీన్ని ఎంఈ/సీఎఫ్ఎస్ అని రాస్తారు. ఇది అరుదైన జబ్బేమీ కాదు. 2021, 2022 సంవత్సరాల్లో అమెరికాలో జరిగిన జాతీయ ఆరోగ్య సర్వేలో వయోజనుల్లో 1.3 శాతం మందికి ఇది ఉన్నట్టు తేలింది. మహిళల్లో అది 1.7 శాతం, పురుషుల్లో 0.9 శాతం.

పేరులో అలసట ఉన్నా, ఈ జబ్బును పట్టిచ్చే లక్షణం వేరే ఉంది. శ్రమ చేసిన కొన్ని గంటలకు, చాలాసార్లు మరునాడో ఆ మరునాడో, ఒంట్లోని బాధలన్నీ ఒక్కసారిగా తిరగబెడతాయి. కాళ్ళూ చేతులూ కదలవు, తల దిమ్ముగా ఉంటుంది, గొంతు నొప్పి పుడుతుంది, మెడ దగ్గర బిళ్ళలు నొప్పెడతాయి, జ్వరం లేకపోయినా జ్వరం వచ్చినట్టే ఉంటుంది. ఇది రోజులు, ఒక్కోసారి వారాలు సాగుతుంది. శ్రమ అంటే బరువులు మోయడమే కానక్కర్లేదు. తలస్నానం చేయడం, బంధువులతో గంటసేపు మాట్లాడటం, బ్యాంకు కాగితాలు నింపడం కూడా చాలు. ఒళ్ళు అప్పుడు అప్పిచ్చినట్టే ఇచ్చి, రెండు రోజుల తర్వాత చక్రవడ్డీతో వసూలు చేసుకుంటుంది.

జబ్బు తీరు అర్థం కావాలన్నా, దాన్ని అన్నేళ్ళు ఎందుకు నమ్మలేదో తెలియాలన్నా ఈ ఆలస్యం దగ్గరే మొదలుపెట్టాలి. పెళ్ళికి వచ్చి నవ్వుతూ పలకరించిన మనిషిని అందరూ చూస్తారు. ఆ తర్వాత వారం రోజులు తలుపులు వేసుకుని చీకటి గదిలో పడుకున్న మనిషిని ఎవరూ చూడరు. డాక్టరు ముందు కుర్చీలో కూర్చున్నప్పుడు కూడా అంతే. ఆసుపత్రికి రాగలిగిన రోజు రోగికి కాస్త బాగున్న రోజు. పరీక్షలు ఆ రోజువే. ఫలితాలన్నీ సక్రమంగానే ఉంటాయి.

అందుకే శ్రమ తర్వాతి ఈ పతనాన్ని కొలవడానికి శరీరధర్మ శాస్త్రజ్ఞులు ఒక తేలికైన మార్గం ఎంచుకున్నారు: ఒకే పరీక్షను రెండు రోజులు వరసగా చేయడం. మొదటి రోజు రోగి వ్యాయామ సైకిలు తొక్కుతుంటే ఊపిరిలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ కొలుస్తారు. ఇరవై నాలుగు గంటల తర్వాత మళ్ళీ అదే పరీక్ష. ఆరోగ్యవంతులు, వ్యాయామం అలవాటు లేక కూర్చుని పనిచేసేవాళ్ళు కూడా, రెండో రోజు మొదటి రోజంత పనే చేస్తారు. ఎంఈ/సీఎఫ్ఎస్ ఉన్నవాళ్ళలో మాత్రం రెండో రోజు పనిసామర్థ్యం పడిపోవడం అనేక అధ్యయనాల్లో కనిపించింది. ఆక్సిజన్‌తో తయారయ్యే శక్తి చాలక కండరం వేరే దారి పట్టే దశ, తక్కువ పనికే వచ్చేస్తుంది. ఒక్కరోజు పరీక్షతో సరిపెడితే ఈ తేడా దొరకదు. ఈ పరీక్ష రోగిని వారాల తరబడి పడుకోబెట్టే ప్రమాదం ఉంది కాబట్టి నిర్ధారణ కోసం దీన్ని అందరికీ చేయరు, చేయకూడదు కూడా.

నిర్ధారణకు ఎక్కువమంది వాడే ప్రమాణాలు అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2015లో ఇచ్చినవి. జబ్బుకు ముందు చేసిన పనులు బాగా తగ్గిపోయి ఆరు నెలలు దాటాలి. ఆ అలసట కొత్తగా వచ్చినదై ఉండాలి, విశ్రాంతితో పెద్దగా తగ్గకూడదు. శ్రమ తర్వాతి పతనం ఉండాలి. ఎంత నిద్రపోయినా సేదతీరిన భావన లేకపోవాలి. వీటికి తోడు రెండింటిలో ఒకటైనా కనిపించాలి: ఆలోచన, జ్ఞాపకం మందగించడం లేదా నిలబడితే బాధలు పెరగడం.

మందగింపు అంటే మామూలు మతిమరుపు అనుకుంటారు గానీ, అది అంతకంటే లోతైనది. చదువుతున్న పేరాలో మొదటి వాక్యం చివరికొచ్చేసరికి జారిపోతుంది, తెలిసిన పదం నోటికి రాదు, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఏదీ అర్థం కాదు. లెక్కలు చూసే ఉద్యోగి నాలుగు అంకెలు కూడటానికి తడబడతాడు. ఇక నిలబడటం. ఆరోగ్యవంతుడు లేచి నిలబడగానే కాళ్ళలోకి జారే రక్తాన్ని మన ప్రమేయం లేకుండా పనిచేసే నాడులు సర్దేస్తాయి. ఈ జబ్బులో ఆ సర్దుబాటు చాలామందికి తప్పుతుంది. పడుకున్నప్పుడు మామూలుగా ఉన్న గుండె వేగం, నిలబడిన పది నిమిషాల్లోపే నిమిషానికి 30 లేదా అంతకంటే ఎక్కువ పెరిగి, రక్తపోటు పెద్దగా పడకపోతే దాన్ని పాట్స్ అంటారు. గుండె దడ, కళ్ళు తిరగడం, కాళ్ళు వణకడం దాని గుర్తులు. రేషన్ దుకాణం వరసలోనో, పొయ్యి దగ్గరో నిలబడలేకపోతున్నానని రోగి చెబితే దాన్ని బద్ధకంగా కొట్టిపారేయనక్కర్లేదు. ఒక గడియారం, బీపీ మిషను ఉన్న ఏ క్లినిక్‌లోనైనా పది నిమిషాల్లో కొలిచి చూడవచ్చు. ఇంత చవకైన పరీక్షను ఇంత తక్కువగా చేయడం విచారకరం.

దీర్ఘకాలం నీరసం ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ జబ్బు ఉన్నట్టు కాదు. మన దగ్గర ఈ విషయం గట్టిగా చెప్పుకోవాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. థైరాయిడ్ మందగించడం, బీ12 లోపం, షుగరు, క్షయ, కాలేయ, మూత్రపిండాల జబ్బులు, రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటిమీదే దాడి చేసే లూపస్, గురకతో నిద్ర తెగిపోయే స్లీప్ ఆప్నియా, కుంగుబాటు... ఇవన్నీ మనిషిని కుదేలు చేస్తాయి. వీటిలో చాలావాటికి మందులున్నాయి కాబట్టి ముందు వీటిని వెతకడం తప్పనిసరి. బరువు తగ్గడం, సాయంత్రపు జ్వరం, రాత్రిళ్ళు చెమటలు, మలంలో రక్తం వంటివి ఉంటే అసలు ఆలస్యం చేయకూడదు. ఊళ్ళలో నీరసమనగానే ఒక సెలైన్ సీసా ఎక్కించి, బీ కాంప్లెక్స్ సూది వేసి పంపే అలవాటు ఈ వెతుకులాటను నెలల తరబడి వెనక్కి నెడుతోంది. గ్లూకోజు ఎక్కిన రోజు రోగికి కాస్త తేలిక అనిపించవచ్చు. కారణం మాత్రం అక్కడే ఉంటుంది.

గోవాలో 2494 మంది మహిళలపై జరిగి 2005లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. వారిలో 12.1 శాతం మంది ఆరు నెలలకు పైగా అలసట ఉందన్నారు. ఆశ్చర్యమేమిటంటే, రక్తంలో హీమోగ్లోబిన్ స్థాయికి, ఆ అలసటకు సంబంధం కనిపించలేదు. పేదరికం, మానసిక వేదన ఉన్నచోట అలసట ఎక్కువగా ఉంది. ఆ మహిళలందరికీ ఎంఈ/సీఎఫ్ఎస్ ఉందని దీని అర్థం కాదు. ఐరన్ మాత్రలు ఇచ్చేస్తే అలసట కథ ముగిసిపోదని, రోగిని కూర్చోబెట్టి వినకుండా కారణం తేలదని మాత్రం తెలుస్తుంది.

కుంగుబాటుతో పోలిక ఈ జబ్బును ఎప్పుడూ వెంటాడుతుంది. రెండూ కలిసి ఉండవచ్చు. ఏళ్ళ తరబడి మంచానికి అతుక్కుపోయిన మనిషి దిగులు పడకుండా ఉంటే వింత. అయినా విడదీయడం కష్టమేమీ కాదు. ఒంట్లో శక్తి వస్తే ఏం చేస్తారని అడిగితే, తీవ్రమైన కుంగుబాటులో ఉన్నవారికి తరచుగా ఏదీ చేయాలనిపించదు. ఎంఈ/సీఎఫ్ఎస్ రోగి పెద్ద జాబితా చదువుతారు. కుంగుబాటులో నడక చాలామందికి మేలు చేస్తుంది. ఇక్కడ అదే నడక హాని చేయవచ్చు. ఈ తేడాను పట్టించుకోని చికిత్స ఎక్కడికి దారితీసిందో చరిత్ర చెబుతుంది.

1955 జులైలో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో అంతుచిక్కని జబ్బు పాకింది. 292 మంది సిబ్బంది దాని బారిన పడ్డారు. అక్టోబరు వరకు ఆసుపత్రిని మూసేయాల్సి వచ్చింది. అంతకుముందు 1934లో లాస్ ఏంజిలిస్‌లో, 1948లో ఐస్‌లాండ్‌లోని అకురేరి పట్టణంలో ఇలాంటివే జరిగాయి. రాయల్ ఫ్రీలో పనిచేసిన మెల్విన్ రామ్సే అనే వైద్యుడు ఆ రోగులను చూసి, వారి బాధలను దశాబ్దాల పాటు నమోదు చేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1969లో దీన్ని నాడీ వ్యవస్థ జబ్బుల్లో చేర్చింది. మరుసటి ఏడాదే ఇద్దరు మానసిక వైద్యులు, ఒక్క రోగినైనా పరీక్షించకుండా పాత కేసు కాగితాలు తిరగేసి, రాయల్ ఫ్రీలో జరిగింది సామూహిక హిస్టీరియా అని రాశారు. బాధితుల్లో ఎక్కువమంది మహిళలు కావడం వాళ్ళకు ఒక ఆధారంగా కనిపించింది. ఆ ముద్ర ఎన్నో ఏళ్ళు చెరగలేదు. 1984లో అమెరికాలో నెవాడా రాష్ట్రంలోని ఇంక్లైన్ విలేజ్‌లో మళ్ళీ వందమందికి పైగా పడిపోయినప్పుడు పత్రికలు వెటకారపు పేర్లు పెట్టాయి. 1988లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం నిపుణులు క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అనే పేరును ఖాయం చేశారు.

ఈ అపనమ్మకం చికిత్సగా మారినప్పుడు అసలు నష్టం జరిగింది. రోగులు శ్రమకు భయపడి కదలడం మానేస్తున్నారని, అలా కండరాలు బలహీనపడి జబ్బు కొనసాగుతోందని, కాబట్టి భయం పోగొట్టి వ్యాయామం కొద్దికొద్దిగా పెంచితే కోలుకుంటారని ఒక సిద్ధాంతం బలపడింది. దాన్ని నిరూపించడానికి బ్రిటన్‌లో పేస్ అనే ట్రయల్ జరిగింది. 641 మంది రోగులు, 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితాలు. 2013లో మరో పత్రం వచ్చింది: వ్యాయామం పెంచినవారిలోనూ, మానసిక చికిత్స పొందినవారిలోనూ 22 శాతం చొప్పున కోలుకున్నారని. ప్రపంచమంతా వైద్యులు దీన్ని నమ్మారు.

రోగులు మాత్రం పత్రాన్ని అక్షరం అక్షరం చదివారు. అందులో ఒక వింత బయటపడింది. శారీరక సామర్థ్యానికి సున్నా నుంచి 100 వరకు మార్కులుండే ఒక ప్రశ్నావళి వాడారు. 65 లేదా అంతకు తక్కువ ఉంటేనే ట్రయల్‌లోకి తీసుకున్నారు. కోలుకున్నట్టు లెక్కించడానికి మొదట పెట్టుకున్న గీత 85. మధ్యలో దాన్ని 60కి దించారు. అంటే 65తో చేరిన రోగి 60కి దిగజారినా ఆ కొలమానం వరకు కోలుకున్నట్టే. సమాచారం ఇవ్వాలని రోగులు అడిగితే ఏళ్ళ తరబడి ఇవ్వలేదు. చివరికి ఒక రోగి వేసిన అర్జీపై 2016లో బ్రిటన్ ట్రిబ్యునల్ ఆదేశించాక లెక్కలు బయటికి వచ్చాయి. మొదటి గీత ప్రకారం చూస్తే ఆ రెండు వర్గాల్లో కోలుకున్నవారు 4 నుంచి 7 శాతమే. మిగతా వర్గాలతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. 2017లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం తన సిఫార్సుల నుంచి ఆ చికిత్సలను తొలగించింది. 2021 అక్టోబరులో బ్రిటన్ జాతీయ ఆరోగ్య మార్గదర్శక సంస్థ నైస్, నిర్ణీత పద్ధతిలో వ్యాయామం పెంచే చికిత్స ఇవ్వకూడదని స్పష్టం చేసింది. మానసిక చికిత్స జబ్బుతో బతకడానికి తోడ్పడవచ్చు గానీ జబ్బును నయం చేసేది కాదని చెప్పింది. మంచంలో పడుకుని, రోజుకు కొన్ని నిమిషాలే చదవగలిగిన మనుషులు ఒక పెద్ద వైద్య అధ్యయనంలోని లోపాన్ని బయటపెట్టారు. వైద్య చరిత్రలో ఇలాంటిది తరచుగా జరగదు.

కారణాల విషయానికి వస్తే, చాలామంది రోగులు చెప్పే మొదటి వాక్యం ఒకటే: ఆ జ్వరం తర్వాత మళ్ళీ కోలుకోలేదు. ఆస్ట్రేలియాలోని డబ్బో పట్టణంలో పరిశోధకులు దీన్ని పద్ధతిగా పరీక్షించారు. ఎప్‌స్టీన్-బార్ వైరస్ వల్ల వచ్చే గ్లాండ్యులర్ ఫీవర్, దోమలు మోసే రాస్ రివర్ వైరస్, పశువుల నుంచి సోకే క్యూ ఫీవర్, ఈ మూడింటిలో ఏదో ఒకటి సోకిన 253 మందిని మొదటి నుంచీ గమనించారు. ఆరు నెలల తర్వాత సుమారు 11 శాతం మంది క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ ప్రమాణాలకు సరిపోయారు. రెండు వైరస్‌లు, ఒక బ్యాక్టీరియా, అయినా చివర్లో ఒకే జబ్బు. ఎవరికి మిగిలిపోతుందన్నది మొదటి జ్వరం ఎంత తీవ్రంగా వచ్చిందన్నదాన్ని బట్టి ఉంది తప్ప, వారి పూర్వపు మానసిక స్థితిని బట్టి లేదు. 2006లో వచ్చిన ఈ ఫలితం హిస్టీరియా వాదానికి గట్టి జవాబు.

తెలుగువారికి ఇందులో ఒక దగ్గరి విషయం ఉంది. రాస్ రివర్ వైరస్, చికున్‌గున్యా వైరస్ ఒకే ప్రజాతికి చెందినవి. రెండూ దోమల ద్వారానే వస్తాయి, రెండూ కీళ్ళను పట్టేస్తాయి. 2005 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన చికున్‌గున్యా 2006లో దేశమంతా పాకి, 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు నమోదయ్యాయి. జ్వరం తగ్గినా ఏడాది దాకా మునుపటి మనిషి కాలేకపోయామని చెప్పేవాళ్ళు అప్పట్లో ప్రతి ఊళ్ళో ఉండేవారు. వారిలో ఎక్కువమందివి కీళ్ళ బాధలే కావచ్చు. అయినా చికున్‌గున్యా, డెంగీ తర్వాత నెలల తరబడి తీరని అలసట ఉంటే, శ్రమ చేసిన మరునాడు ఎలా ఉందని అడగడం మన డాక్టర్లు అలవాటు చేసుకోవాలి.

కోవిడ్ ఈ ప్రశ్నను పెద్ద ఎత్తున తిరిగి తెచ్చింది. అమెరికాలోని రికవర్ అధ్యయనం 2025లో ప్రచురించిన లెక్కల ప్రకారం, కోవిడ్ సోకినవారిలో 4.5 శాతం మంది ఎంఈ/సీఎఫ్ఎస్ ప్రమాణాలకు సరిపోయారు. సోకనివారిలో అది 0.6 శాతం.

ఇన్ఫెక్షన్ పోయాక శరీరంలో ఏం మిగిలిపోతుంది? కండరంలో ఒక ఆధారం దొరికింది. ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు 25 మంది దీర్ఘ కోవిడ్ (కోవిడ్ తగ్గినా నెలల తరబడి బాధలు వీడని స్థితి) రోగులు, 21 మంది ఆరోగ్యవంతుల తొడ కండరం నుంచి చిన్న ముక్కలు తీశారు. ఒకసారి సైకిలు తొక్కించక ముందు, మరోసారి తొక్కించిన మరునాడు. రోగుల కండరంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పనితీరు ఆ శ్రమ తర్వాత ఇంకా తగ్గింది, కణజాలం దెబ్బతిన్న గుర్తులు పెరిగాయి. 2024 జనవరిలో ఇది వెలువడింది. దీర్ఘ కోవిడ్, ఎంఈ/సీఎఫ్ఎస్ పూర్తిగా ఒకటే అనలేం గానీ, శ్రమ తర్వాతి పతనం మాత్రం రెండింటిలోనూ ఉంది. అది మాంసపు ముక్కలో కనబడింది. అదే ఏడాది ఫిబ్రవరిలో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో అవీంద్ర నాథ్ బృందం 17 మంది రోగులను కూలంకషంగా పరీక్షించిన ఫలితాలు ఇచ్చింది. వెన్ను ద్రవంలో నాడీ సందేశాలకు కావలసిన కొన్ని రసాయనాలు తగ్గడం, రోగనిరోధక కణాల్లో తేడాలు, శ్రమ చేసేటప్పుడు మెదడులోని ఒక భాగం చురుకు తగ్గడం అందులో ఉన్నాయి. రోగులు శ్రమను ఎంచుకునే తీరులోనే తేడా ఉందన్నట్టు ఆ పత్రంలో వాడిన మాట పాత గాయాన్ని మళ్ళీ రేపింది. రోగులు, కొందరు శాస్త్రవేత్తలు గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరం న్యాయమైనది. పని చేస్తే కుప్పకూలుతామని తెలిసిన మనిషి ఆచితూచి పనిచేయడం ఆత్మరక్షణే.

జన్యువుల వైపు నుంచి 2025 ఆగస్టులో పెద్ద కబురు వచ్చింది. ఎడిన్‌బరోలో క్రిస్ పాంటింగ్ నడిపించిన డీకోడ్ఎంఈ అధ్యయనం 15,579 మంది రోగుల డీఎన్ఏను రెండున్నర లక్షల మందికి పైగా ఇతరుల డీఎన్ఏతో పోల్చింది. రోగుల్లో భిన్నంగా ఉన్న ఎనిమిది చోట్లు తేలాయి. వాటిలో కొన్ని ఇన్ఫెక్షన్‌కు శరీరం స్పందించే తీరుకు, కొన్ని నాడీ వ్యవస్థకు సంబంధించినవి. ఒక్కో తేడా ప్రభావం చిన్నదే. ఆ తేడా ఉన్నవారందరికీ జబ్బు రాదు. అయినా రోగులు ఏళ్ళుగా చెబుతున్న రెండు విషయాలు, జ్వరంతో మొదలవడం, నాడులు దెబ్బతిన్న భావన, ఈ జన్యు ఫలితాలతోనూ కలిశాయి.

ఆశ పెట్టి కూల్చిన దారులూ ఉన్నాయి. 2009లో ఎక్స్ఎంఆర్‌వీ అనే వైరస్సే కారణమని సైన్స్ పత్రికలో వచ్చింది. అది ప్రయోగశాలలో జరిగిన కల్తీ అని తేలి 2011లో పత్రాన్ని ఉపసంహరించారు. నార్వేలో రిటుక్సిమాబ్ అనే మందు చిన్న ప్రయోగాల్లో పనిచేసినట్టు కనిపించి, 151 మందిపై పెద్ద ట్రయల్ చేశాక 2019లో మందేమీ లేని నకిలీ డోసు (ప్లాసిబో) కంటే మెరుగు కాదని తేలింది. ఇంటర్నెట్‌లో ఖరీదైన చికిత్సలు అమ్మేవారి మాటలు నమ్మే ముందు ఈ రెండూ తెలిసి ఉండటం మంచిది.

జబ్బును నయం చేసే మందు ఇప్పటికి లేదు. బాధలకు మాత్రం చేయగలిగింది చాలా ఉంది. నిలబడలేకపోవడానికి నీళ్ళు, ఉప్పు పెంచడం, బిగుతు మేజోళ్ళు, అవసరమైతే గుండె వేగాన్ని అదుపు చేసే మందులు డాక్టరు పర్యవేక్షణలో ఇస్తారు. బీపీ ఉన్నవారు ఉప్పు విషయంలో సొంత వైద్యం చేసుకోకూడదు. నొప్పికి, నిద్రకు తక్కువ మోతాదుతో మొదలుపెట్టడం అవసరం, ఎందుకంటే చాలామంది రోగులకు మందులు సులువుగా పడవు. అన్నిటికంటే ముఖ్యమైంది శక్తి ఉన్నంతలోనే పని ముగించడం. అలసట వచ్చాక ఆగితే ఆలస్యమైనట్టే, రాకముందే ఆగాలి. కూరలు కూర్చుని తరగడం, స్నానానికి స్టూలు వేసుకోవడం, పనుల మధ్య పడుకోవడం, బాగున్న రోజున మిగిలిన పనులన్నీ ఒక్కసారే చేసేయాలన్న ఆశను ఆపుకోవడం. ఇంటిపని మొత్తం ఒకరి మీదే ఉన్న ఇంట్లో ఇది ఆ ఒక్కరి వల్ల అయ్యేది కాదు. వంటింటి బాధ్యత భర్త, అత్తమామలు, పిల్లలు పంచుకోకపోతే కోడలికి డాక్టరు రాసిన విశ్రాంతి కాగితం మీదే ఉండిపోతుంది.

రోగుల్లో కనీసం పావు వంతు మంది ఏదో ఒక దశలో ఇల్లు కదలలేని స్థితికి వెళ్తారు. అతి తీవ్రంగా ఉన్నవారు వెలుతురును, చప్పుడును, స్పర్శను కూడా భరించలేరు, మింగలేరు. ఇంగ్లండ్‌లో 27 ఏళ్ళ యువతి 2021లో ఈ జబ్బు వల్ల ఆహారం తీసుకోలేక, పోషకాహార లోపంతో మరణించింది. 2024లో విచారణ జరిపిన అధికారి, తీవ్ర రోగులకు దేశంలో ఎక్కడా ప్రత్యేక పడకలు లేవని ప్రభుత్వానికి రాయాల్సి వచ్చింది.

పిల్లల్లో పరిస్థితి కొంత ఆశాజనకం. యుక్తవయసులో జబ్బు వచ్చినవారు పెద్దలకంటే ఎక్కువగా కోలుకుంటారు, దానికి కొన్నేళ్ళు పట్టినా. అయితే జబ్బు ఎక్కువగా మొదలయ్యే వయసుల్లో పది నుంచి పంతొమ్మిదేళ్ళు ఒకటి. మన దగ్గర ఆ వయసు పిల్లలు తెల్లవారుజామున లేచి రాత్రి దాకా చదివే రెసిడెన్షియల్ కాలేజీల్లో ఉంటారు. జ్వరం వచ్చి తగ్గాక నెలల తరబడి లేవలేకపోతున్న విద్యార్థి పరీక్షల భయంతో నటిస్తున్నాడనుకోవడం అక్కడ తేలిక. తల్లిదండ్రులు చేయాల్సిన మొదటి పని, రెండు మూడు వారాలు ఒక పుస్తకంలో రాయడం: ఏ రోజు ఎంత చదివాడు, ఎంత నడిచాడు, మరునాడూ ఆ మరునాడూ ఎలా ఉన్నాడు. ఏ స్కానింగులోనూ కనిపించని పతనం ఆ పేజీల్లో కనిపిస్తుంది. దాన్ని జనరల్ ఫిజీషియన్‌కో పిల్లల వైద్యుడికో చూపించి, మిగతా జబ్బులేవీ లేవని తేల్చుకున్నాక, హాజరు మినహాయింపు, పరీక్షలో అదనపు సమయం, అవసరమైతే ఒక ఏడాది విరామం కోసం కాలేజీకి డాక్టరు లేఖ తీసుకోవాలి.